నాన్న సంతకం లేకుండా బైబిల్ కాలేజీకి వెళ్లొచ్చా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు 24 ఏళ్లు. బి.కాం. పూర్తిచేసి ఏలూరులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మా నాన్నగారు ఊళ్లో స్వతంత్ర సంఘానికి (ఏ పెద్ద సంఘం కిందా లేనిది) కాపరి, ఇరవై ఏళ్లు దాటింది. నేను సండే స్కూలు నడుపుతాను, స్త్రీల కూడికలో అప్పుడప్పుడూ వాక్యం చెబుతాను. బైబిల్ కాలేజీలో చదివి పూర్తికాలపు సేవకు సిద్ధపడాలని రెండేళ్లుగా ప్రార్థన చేసుకుంటున్నాను. నాన్న వద్దంటున్నారు. 'పరిశుద్ధాత్ముడు నేర్పనిది కాలేజీ నేర్పుతుందా? అక్కడికి వెళ్లినవాళ్లు ఉన్న విశ్వాసం కూడా పోగొట్టుకుని వచ్చారు' అంటారు. అమ్మేమో 'ఒక సేవకుడికిచ్చి పెళ్లి చేస్తే నువ్వూ సేవ చేసినట్టే కదా' అంటుంది. మా మామయ్య ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చూపించి, దానికే డిగ్రీ ఇస్తారు, ఉద్యోగం మానక్కర్లేదు అంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. అసలు వెళ్లాలా వద్దా? వెళితే ఏ కాలేజీ మంచిది?
– పేరు వద్దన్న పాఠకురాలు, ఏలూరు జిల్లా

సమాధానం:

అమ్మాయ్, నా కూతురికంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఒక మాట. దాదాపు ఏ బైబిల్ కాలేజీ దరఖాస్తు తెచ్చుకున్నా అందులో 'సంఘ కాపరి సిఫార్సు' అని ఒక పేజీ ఉంటుంది. అభ్యర్థి ప్రవర్తన ఎలాంటిది, సంఘంలో ఏం చేస్తుంది, ఈమెకు సేవకు పిలుపు ఉందని మీరు నమ్ముతున్నారా అని అడుగుతారు. కింద కాపరి సంతకం, సంఘం ముద్ర. మీ సంఘ కాపరి ఎవరు? మీ నాన్నే! ఇంట్లో చెప్పకుండా ఫారం పోస్టులో పడేసే దారి నీకు లేదు. ఇది ఇబ్బంది అని నువ్వు అనుకుంటావు. నాకు మాత్రం మంచిదే అనిపిస్తోంది. కాబట్టి నాన్న మాటల దగ్గరే మొదలుపెడతాను.

'ఎవడును మీకు బోధింపనక్కరలేదు' అని యోహాను మొదటి పత్రికలో ఉన్న మాట ఆయన నీకు చూపించే ఉంటారు. నాకూ చూపించారు, 1980ల్లో, మా తాతగారు. అప్పుడు నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడైతే ఆయన్ని ఒకటే అడిగేదాన్ని: తాతా, నువ్వు ఎవరి సంచీ మోశావు? మన పల్లెల్లో కాపరులైనవాళ్లు ఎవరూ ఒక్క రాత్రిలో అవలేదు. ఒక పెద్దాయన వెనకాల సైకిలు మీద తిరిగి, ఆయన పాటల పుస్తకం, బైబిలు ఉన్న సంచీ మోసి, ఆయన ఎలా ప్రార్థన చేస్తాడో, శవం లేచిన ఇంట్లో ఏ మాట మాట్లాడతాడో, ఏ మాట మింగేస్తాడో చూసి నేర్చుకున్నవాళ్లే. అదీ చదువే. దానికి ఫీజు లేదు, పరీక్ష లేదు, అంతే తేడా. మీ నాన్నను ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు. వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. చాలామంది పిల్లలు ఈ ప్రశ్న తండ్రిని ఎప్పుడూ అడగరు.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ఆయనకు కొట్టినపిండే అయ్యుంటుంది. అపొల్లో గొప్ప వక్త, లేఖనాల్లో ప్రవీణుడు, ఆత్మలో తీవ్రత ఉన్నవాడు. ఆ మూడూ ఉన్నా ప్రిస్కిల్ల, అకుల అతన్ని చేరదీసి దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా విడమరిచి చెప్పారు. గుడారాలు కుట్టుకు బతికే దంపతులు, అందులో ఒకరు ఆడమనిషి. అపొల్లో చిన్నబుచ్చుకున్నాడని ఎక్కడా రాయలేదు.

అయితే కాలేజీలో అసలు నేర్పేదేమిటి? సబ్జెక్టుల పేర్లు రాస్తే రెండు పేజీలు అవుతుంది. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, వేదాంతం (అంటే థియాలజీ, దేవుని గురించిన సిద్ధాంతాలు), నీతిశాస్త్రం, ఇతర మతాలు, కౌన్సెలింగ్, ప్రసంగించే పద్ధతి, గ్రీకో హీబ్రూవో ఒక భాష. పేర్లు వదిలేసి ఒక్క ఉదాహరణ చెబుతాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు, అంటే ఒక్కో వాక్యం రాసిన కార్డులు, తీయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డులు, ఒక్కొక్కరూ వచ్చి తీసుకుంటారు. ఎక్కువమంది చేతికి వచ్చేవాటిలో యిర్మీయా 29:11 ఒకటి: మీ విషయంలో నాకున్నవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే వాక్యం. కార్డు తీసినవాళ్లు కళ్లకద్దుకుని, ఈ ఏడాది ఇల్లు పూర్తవుతుంది, అబ్బాయికి వీసా వస్తుంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు బైబిలు తెరిచి ఒక వచనం వెనక్కి వెళ్లు. పదో వచనంలో డెబ్బై ఏళ్లు గడిచాకే అని ఉంది. ఇంకా వెనక్కి, ఐదో వచనానికి వెళ్లు. బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. ఇది బందీలుగా పోయినవాళ్లకు యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరం. రెండేళ్లలో తిరిగొచ్చేస్తామని ఆశపెట్టే ప్రవక్త ఒకడు ముందు అధ్యాయంలోనే ఉన్నాడు, హనన్యా. యిర్మీయా చెబుతున్నది దానికి సరిగ్గా ఎదురు మాట. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే పోయి ఉంటారు. అయినా దేవుడు వాళ్లను మరిచిపోలేదు అనడమే ఆ వాగ్దానం. ఇదంతా తెలిశాక కార్డు పారేయాలనిపించదు. మీ సంఘంలో కొడుకు పోయిన తల్లి చేతికి ఆ కార్డు వచ్చినప్పుడు ఆమెకు ఏం చెప్పాలో మాత్రం తెలుస్తుంది. కాలేజీ నేర్పేది ఇదే: ఒక వచనం వెనక్కి, ఒక వచనం ముందుకి వెళ్లడం. ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమా అంటే నేర్చుకోవచ్చు. మూడు నాలుగేళ్లు రోజూ ఎవరో ఒకరు 'ఇలా ఎందుకన్నావు, ఎక్కడుంది చూపించు' అని వెంటపడితేగానీ మనకు ఒళ్లు వంగదు.

భాషల గురించి భయపడకు. కొత్త నిబంధన రాసిన గ్రీకులో నామవాచకానికి విభక్తులు ఉంటాయి. విభక్తుల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు అది ఇంగ్లీషువాళ్లకంటే తొందరగా పట్టుబడుతుంది. నాకు మొదటి పరీక్షలో పదిహేడు మార్కులే వచ్చిన మాట వేరే సంగతి. అక్కడ ఒక తమాషా కూడా ఉంది. గ్రీకులో మనము, మేము అని రెండు మాటలు లేవు, రెండిటికీ ఒకటే. పౌలు ఆ మాట రాసిన ప్రతిచోటా తెలుగు అనువాదకులు కూర్చుని, వినేవాళ్లు ఇందులో ఉన్నారా లేరా అని తేల్చుకోవాల్సి వచ్చింది. రెండో కొరింథీయులు 5:20లో 'మేము క్రీస్తుకు రాయబారులమై' అని ఉంటుంది చూడు. అంటే పౌలు, అతని తోటివాళ్లు, కొరింథువాళ్లు కాదు. ఆ వాక్యం మీద 'మనమందరం రాయబారులం' అని ఎన్ని ప్రసంగాలు విన్నావో లెక్కపెట్టు. తప్పని అనను. కానీ మన బైబిల్లోనే ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారని, ఆ నిర్ణయానికి కారణం అడగొచ్చని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. సంతోషంతోనే.

ఇక విశ్వాసం పోతుందన్న భయం. నాన్నది ఉత్తుత్తి భయం కాదు, దాన్ని కొట్టిపారేయకు. మొదటి ఏడాదిలోనే ఆదికాండం మొదటి అధ్యాయాన్ని, రెండో అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టి చదివిస్తారు. మొదటిదాంట్లో చెట్లు, జంతువులు, ఆఖర్న స్త్రీపురుషులిద్దరూ. రెండోదాంట్లో ముందు పురుషుడు, తర్వాత చెట్లు, జంతువులు, ఆఖర్న స్త్రీ. మా క్లాసులో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒకబ్బాయి పుస్తకం మూసేసి బయటికి నడిచాడు. సాయంత్రం చాపెల్ మెట్ల మీద కూర్చుని ఉంటే మా మాస్టారు వెళ్లి పక్కన కూర్చున్నారు. 'ఇది నీకు ఇవాళే కనిపించింది. నీకంటే ముందు ఎంతోమంది భక్తిపరులకు కనిపించింది. వాళ్లు చదవడం మానలేదు' అన్నారు. ఆ అబ్బాయి ఇప్పటికీ సేవలో ఉన్నాడు. మధ్యలో వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, అబద్ధం చెప్పను. అయితే నేను చూసినంతలో వాళ్లను పడగొట్టింది ఆదికాండం కాదు. హాస్టల్లో ప్రార్థన మానేయడం, సంఘంతో తెగిపోవడం, సంఘ ఎన్నికల కుమ్ములాటలు, పెద్దల రాజకీయాలు దగ్గర నుంచి చూసి మనసు విరగడం. అందుకే కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఆదివారం ఏదో ఒక చిన్న సంఘంలో పని పెట్టుకో. చాలా కాలేజీలు వారాంతపు సేవ పేరుతో ఎలాగూ పంపిస్తాయి. దాన్ని అటెండెన్స్ కోసం చేయకు.

అమ్మ మాటకు వస్తాను. సేవకుడి భార్య చేసే పని చిన్నదని నేనెప్పుడూ అనను. మన సంఘాల్లో సగం బరువు మోసేది పాస్టరమ్మలే, జీతం లేకుండా. కానీ అది ఆయన పిలుపుకు నువ్వు తోడు వెళ్లడం. నీ పిలుపు నీదే అయితే దానికి నువ్వే జవాబు చెప్పాలి. మా క్లాసులో నలభైమందిలో ఆడపిల్లలం ముగ్గురం. 'పెళ్లి సంబంధాల కోసం వచ్చారా' అని అడిగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు పరిస్థితి అంత లేదు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం 1947లో ఏర్పడితే, 66 ఏళ్లకు, 2013లో, తొలి మహిళా బిషప్ వచ్చారు. ఆమె తెలుగావిడే, నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయిన పుష్పలలిత గారు.

'స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను' అన్న వాక్యం నీ ముందు పెట్టేవాళ్లు రేపూ ఉంటారు. అదే పత్రికలో మూడు అధ్యాయాల ముందు, స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు వేసుకోవాలి అని ఉంది. ముసుగు వేసుకుని మౌనంగా ప్రవచించడం ఎలాగో ఎవరైనా చెబితే వినాలని ఉంది. రెండిటినీ కలిపి చదివినవాళ్లలోనూ అభిప్రాయాలు ఒకటి కావు. ఎవరు ఎందుకు అలా అంటున్నారో కాలేజీలో కోపం లేకుండా నేర్చుకుంటావు.

దీనివల్లే నీ అసలు ప్రశ్నను నేను తిరగేస్తున్నాను. ఏ కాలేజీ అని అడిగావు. ముందు ఏ సంఘం అని తేల్చుకో. చదువు అయ్యాక నిన్ను పుల్పిట్ ఎక్కనిచ్చేది ఎవరు? సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు లాంటి సంఘాలు తమ అభ్యర్థులను తామే ఎంపిక చేసి పంపుతాయి, చదివాక పాస్టరేటు, అంటే కాపరిగా చూసుకోవడానికి సంఘం, ఇస్తాయి. నువ్వు స్వతంత్ర సంఘం పిల్లవు. ప్రైవేటు అభ్యర్థిగా చేరి డిగ్రీ తెచ్చుకున్నా, ఆ సంఘాలు నిన్ను కాపరిగా అభిషేకించాలని ఏమీ లేదు. నీ సంఘంలోనే పనిచేస్తానంటే నాన్న తర్వాత పెద్దలు నిన్ను ఒప్పుకుంటారా? స్కూళ్లలో, హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో చాప్లిన్ పని, పిల్లల మధ్య సేవ, అనువాదం, కౌన్సెలింగ్ లాంటివీ ఉన్నాయి. వీటిలో ఏది అన్నదాన్నిబట్టి కాలేజీ మారుతుంది. ఇది తేల్చుకోకుండా చేరి, నాలుగేళ్ల తర్వాత చేతిలో డిగ్రీ పట్టుకుని నాన్న చర్చిలో కీబోర్డు వాయిస్తూ కూర్చున్న ఆడపిల్లలు నాకు తెలుసు. నిన్ను ఆ వరసలో చూడాలని నాకు లేదు.

కాలేజీలను స్థూలంగా రెండు గుంపులు అనుకో. ఒకటి సేరంపూర్ సెనేట్ అనే డిగ్రీలిచ్చే మండలి కింద ఉన్నవి. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు బెంగాల్లోని సేరంపూర్‌లో కాలేజీ పెట్టారు. అప్పుడు ఆ ఊరు డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలు ఇచ్చే అధికారంతో చార్టర్ ఇచ్చాడు. తర్వాత 1918లో బెంగాల్ చట్టంతో సెనేట్ వచ్చింది. (ఆ సేరంపూర్ అచ్చుకూటం నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది, అది వేరే పెద్ద కథ.) మన దగ్గర హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఈ కోవలోదే. 1964లో రాజమండ్రిలో కొన్ని సంఘాలు కలిసి మొదలుపెట్టాయి, తర్వాత హైదరాబాద్ వచ్చింది. బెంగళూరులో 1910 నాటి యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఉంది. వీటిలో ఇంటర్‌తో చేరేది బి.టి.హెచ్. (బ్యాచిలర్ ఆఫ్ థియాలజీ), డిగ్రీ అయినవాళ్లు చేరేది బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ). నీకు బి.కాం. ఉంది కాబట్టి బి.డి., సాధారణంగా నాలుగేళ్లు. రెండో గుంపు ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కాలేజీలు. వీటిలో డిగ్రీ అయినవాళ్లకు ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ), మామూలుగా మూడేళ్లు. మొదటి గుంపులో సమాజం, దళిత వేదాంతం, స్త్రీల దృష్టితో చదవడం లాంటివి ఎక్కువ వినిపిస్తాయి. రెండోదాంట్లో సువార్త ప్రకటన, మిషన్ మీద పట్టు ఎక్కువ. నాన్న మనసు రెండోదానికి దగ్గరగా ఉండొచ్చు. పెద్ద సంఘాల పాస్టరేట్లకు మొదటిది దగ్గర దారి. రెండిటిలోనూ మంచి మాస్టార్లున్నారు, రెండిటిలోనూ నిద్రపుచ్చేవాళ్లున్నారు.

ఇంగ్లీషు గురించి ఇప్పుడే ఆలోచించుకో. బి.డి., ఎం.డివ్. దాదాపు అంతటా ఇంగ్లీషులోనే. చదివి అర్థం చేసుకోవడం వేరు, వారానికి ఒక పేపర్ రాయడం వేరు.

మామయ్య చూపించిన కోర్సు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఆరు నెలల్లో డిగ్రీ ఇచ్చేవాళ్లు అమ్ముతున్నది కాగితం. ఎవరి గుర్తింపు ఉందని అడుగు, లైబ్రరీ ఎక్కడుందని అడుగు, పేపర్లు దిద్దేదెవరని అడుగు. మన ఫ్లెక్సీల మీద 'రెవ. డా.' అని ఇంతమంది ఎక్కడ నుంచి వచ్చారో నీకు అప్పుడు తెలుస్తుంది. ఉద్యోగం మానకుండా చదవాలంటే నిఖార్సయిన దారి ఉంది. సేరంపూర్ వాళ్ల ఎక్స్‌టెన్షన్ విభాగం ఇంటి నుంచే చదువుకునేవాళ్ల కోసం బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) లాంటి కోర్సులు నడుపుతుంది. అది అభిషేకం కోసం కాదు, కానీ నీకు ఈ చదువు పడుతుందో లేదో ఉద్యోగం వదలకుండా తెలుస్తుంది.

ఇంకో మాట, కాస్త సున్నితమైనది. మీ కుటుంబానిది ఏ కులమో నువ్వు రాయలేదు, నేను అడగను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మాత్రమే వర్తించింది. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్.సి.లను మన రాష్ట్రాల్లో బి.సి.-సి కింద లెక్కేస్తారు. కాలేజీ ఫారంలో బాప్తిస్మం తేదీ, సంఘ సభ్యత్వం రాస్తావు. తర్వాత సేవకురాలిగా నీ పేరు బయట ఉంటుంది. ఇంట్లో సర్టిఫికెట్ వేరేలా ఉంటే, దానిమీద చదువో ఉద్యోగమో ఆధారపడి ఉంటే, అది తమ్ముడిదైనా సరే, ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. ఈ ఉత్తర్వు అన్యాయమని నా అభిప్రాయం, అది వేరు. ఒకచోట ఒక మాట, ఇంకోచోట ఇంకో మాట చెప్పి పుల్పిట్ ఎక్కితే ఆ భయం ప్రతి ప్రసంగంలోనూ నీ పక్కనే నిలబడుతుంది.

నీ బి.కాం. వృథా అనుకోకు. సంఘాలు పాడయ్యేది ఎక్కువగా కానుకల లెక్క దగ్గరే. రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా, ఆడిట్, సొసైటీ రిజిస్ట్రేషన్ తెలిసిన కాపరి దొరికితే పెద్దలు కళ్లకద్దుకుంటారు. కొంతమంది పెద్దలు భయపడతారు కూడా.

జూన్‌లో చేరాలంటే ఇప్పుడే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. ఈలోగా రూతు గ్రంథం తీసుకో, నాలుగు అధ్యాయాలే. నెలరోజులు దాన్నే చదువు. ప్రసంగం తయారుచేయకు, ప్రశ్నలు మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకో. బోయజు పొలంలో పరిగె ఏరుకోవడం హక్కా, దయా? చెప్పు తీసి ఇవ్వడం ఏమిటి? నెల తర్వాత యాభై ప్రశ్నలుండి ఇంకా ఆకలిగా ఉంటే నువ్వు కాలేజీకి సరిపోతావు. పది రోజులకే విసుగొస్తే, నీకున్న పిలుపు వేరే రకం సేవకు అయ్యుండొచ్చు, అదీ మంచిదే. తర్వాత రెండు కాలేజీలకు స్వయంగా వెళ్లు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నది చాలదు, మెస్‌లో ఆడపిల్లల పక్కన కూర్చుని అన్నం తిను. ఫీజు ఎంతో, రాత్రి ఎనిమిది తర్వాత లైబ్రరీకి వెళ్లనిస్తారో లేదో, నిరుడు చదివి వెళ్లిన అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడున్నారో వాళ్లే చెబుతారు. నాన్న వస్తానంటే ఆయన్నీ తీసుకెళ్లు. ఉదయం చాపెల్‌లో కూర్చోనివ్వు, పాడేది మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే అయితే ఆయన భయం అక్కడే సగం తగ్గుతుంది.

తిరిగొచ్చాక ఆ సిఫార్సు పేజీ ఆయన చేతికివ్వు. నీ తరఫున నువ్వు నింపకు, ఆయన్నే రాయమను, తెలుగులో రాసినా కాలేజీవాళ్లు చదువుకుంటారు. 'ఈమెకు పిలుపు ఉందని మీరు నమ్ముతున్నారా' అన్న చోట ఆయన పెన్ను ఆగితే ఆగనివ్వు. ఈ ఏడాది ఆ గడి ఖాళీగా ఉండిపోతే, ఫారం బీరువాలో పెట్టి ఎక్స్‌టెన్షన్ కోర్సుకు డబ్బు కట్టు. అడ్మిషన్లు వచ్చే ఏడూ ఉంటాయి. ఏమైందో నాకు రాయి.